గృహిణీ గోష్ఠి: జారెడి క్లచ్చు, ఆగని క్లచ్చు



గతమాసమున ఈ పుటలలో ఉసిరికాయ నిలువపచ్చడిని గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున ట్రాక్టరు క్లచ్చును గూర్చి వ్రాయ సాహసించుచున్నాను. శీర్షిక చూచినంతనే పుట త్రిప్పివేయ నుద్యుక్తులగు సోదరీమణులు కొందఱుందురు. వారు క్షణకాలమాగవలెనని నా ప్రార్థన. కళ్లమున యంత్రమును నడపువాడు పురుషుడే కావచ్చును. కాని యంత్రము చుట్టును నిలిచి కట్టెలందించునది, రాలిన గింజ నెత్తునది, పొట్టును దూరముగా లాగునది, మధ్యాహ్నమునకు సద్ది తెచ్చునది మనమే. చీరకొంగు గలవారమును మనమే. కావున ఆ యంత్రము ఎట్లు తిరుగునో తెలియకపోయినను, ఎట్లు ఆగవలెనో మనము తెలిసికొనియుండుట మంచిది.

మాకు వికారాబాదు దాపున, అనంతగిరి గుట్టల దిగువ, చిన్న జామతోట కలదు. తాండూరు ప్రక్క మా మఱిది సేద్యము చేయు కందిచేలున్నవి. ఇచట ఎఱ్ఱనేల, అచట నల్లరేగడి. నడుమ రైలులో గంట ప్రయాణమైనను లేదు. 1874లో వాడీ నుండి సికింద్రాబాదు వఱకు వేసిన దారి యది. తాండూరు కందిపప్పు రుచిని గూర్చి మన పాఠకురాండ్రకు నేను చెప్పనక్కఱలేదు. 2022 డిసెంబరులో దానికి భౌగోళిక గుర్తింపును లభించినది. ఈ రెండు చోట్ల పనికిని మాకున్నది ఒక్కటే చిన్న ట్రాక్టరు, 25 అశ్వశక్తులది. పెద్ద బండి జామచెట్ల వరుసల నడుమ పట్టదు. ఇది మాకంటె ముందు ఇద్దఱి యిండ్ల కాపురము చేసి వచ్చినది గాన దాని వయస్సును మేము తరచి యడుగము. వానకాలమున తోటలో రోటవేటరు లాగును. పుష్యమాసము వచ్చుసరికి తాండూరు చేరి కంది నూర్చును.

ట్రాక్టరు వెనుక, బండి తగిలించు కొక్కెమునకు పైగా, చిన్న ఇరుసు మొన యొకటి బయటికి వచ్చియుండును. దాని లావు 35 మిల్లీమీటర్లు. చుట్టును ఆఱు గాడులు. దీనినే పి.టి.ఓ. అందురు. ఇంజను బలమును వెనుక కట్టిన యంత్రమునకు అందించునది ఇదియే. 1918లో అమెరికాలోని ఇంటర్నేషనల్ హార్వెస్టరు సంస్థ దీనిని అమ్మకపు ట్రాక్టరుకు అమర్చినది మొదలు, సేద్యపు యంత్రములు ఎద్దుల మెడలను, విడి ఇంజనులను వదలి దీని మీదనే ఆధారపడసాగినవి. సాధారణముగా ఇది నిమిషమునకు 540 చుట్లు తిరుగును. నిమిషమునకు అనినచో మన మనస్సునకు ఎక్కదు. సెకనునకు 9 చుట్లు అనుకొనుడు. దానికి తగిలించు జాయింటు షాఫ్టు గొట్టము 5 సెంటీమీటర్ల లావున్నదనుకొందము. ఒక్క చుట్టునకు సుమారు 16 సెంటీమీటర్ల బట్ట దానిపై చుట్టుకొనును. ఒక్క సెకనునకు దాదాపు ఒకటిన్నర మీటరు. భుజముపై నుండి వ్రేలాడు కొంగు పొడవెంతయో మీలో ప్రతివారును ఎఱుగుదురు. నిండుసభలో ద్రౌపది చీరకు అంతము లేకపోయెను. మన చీరకు అయిదున్నర మీటర్లే.

ఇక క్లచ్చు. ఇంజను వెనుక ఫ్లైవీలు అను బరువైన చక్రముండును. దానికెదురుగా స్ప్రింగుల బలముతో అదుమునట్టి ఇనుప పళ్లెమొకటి. ఆ రెండిటి నడుమ, ఇరుప్రక్కల గరుకు పట్టీలు రివిట్లతో బిగించిన పలుచని బిళ్ల. దీనినే క్లచ్చు ప్లేటు అందురు. పెడలు త్రొక్కనంతవఱకు మూడును అతుక్కొని యొక్కటిగా తిరుగును. త్రొక్కినప్పుడు పళ్లెము వెనుకకు జరుగును, బిళ్ల విడివడి నిలిచిపోవును. వ్యాకరణము చదివినవారికి ఒక్క మాటలో చెప్పవచ్చును: కలియవలసినచోట సంధి, విడివడవలసినచోట విసంధి. మా బండికి ఇట్టి బిళ్లలు రెండు. ఒకటి చక్రములకు, ఇంకొకటి పి.టి.ఓ.కు. పెడలు మాత్రము ఒక్కటే. సగము త్రొక్కినచో బండి నిలుచును గాని వెనుక ఇరుసు తిరుగుచునే యుండును. అడుగంట త్రొక్కినచో ఇరుసును నిలుచును. చిన్న బండ్లన్నిటికి ఈ రెండంచెల ఏర్పాటు ఉండదు. కొన్నిటికి ఒకే బిళ్ల, కొన్నిటికి పి.టి.ఓ.కు వేఱుగా చేతిమీట. మీ యింటి బండి యే రకమో మీరు అడిగి తెలిసికొనవలెను.

మా కథ శ్రావణమాసమున తోటలో ఆరంభమైనది. రోటవేటరు తడిమన్నులో దిగినంతనే ఇంజను హోరుపెట్టుచున్నను బ్లేడులు నీరసపడి నిలుచుచుండెను. దానితో పాటు కాలిన వాసన. పాత గోనెపట్టా పొయ్యిలో పడినట్టి వాసన యది. ఒకసారి తెలిసినచో మఱువబడదు. క్లచ్చు జారుచున్నదనుటకు అదియే గుర్తు. పట్టీ అరిగినను, దానికి నూనె తగిలినను, స్ప్రింగులు సడలినను, పెడలునకు ఉండవలసిన ఖాళీ కదలిక లేకపోయినను బిళ్ల పట్టు వదలి జారును. నడపువారు పెడలు మీద పాదము ఆనించియుంచుటయు ఒక కారణమే. మా మఱిదికి ఆ అలవాటు కలదు. ఈ మాట ఇచట వ్రాయుదునని అతనితో చెప్పియే వ్రాయుచున్నాను.

ఒక మెకానికును పిలిపించితిమి. అతడు బండిని విప్పలేదు. అడుగుననున్న చిన్న మూత తీసి, లోపలికి చేయి చొప్పించి, ఏవో బోల్టులను త్రిప్పి అరగంటలో పని ముగించెను. రోటవేటరు మఱల తిరిగినది. అందఱమును సంతసించితిమి. ఇచ్చిన సొమ్ము స్వల్పము. అందువలన సంతోషము మఱింత యధికము.

అటుపిమ్మట పి.టి.ఓ. మీట వేసినప్పుడెల్ల గరగరమను చప్పుడు వినవచ్చుచుండెను. మా అత్తమ్మ తాండూరులో అరుగుమీద కూర్చుండి కందులు చెఱుగుచు ఆ చప్పుడు విని, "ఏందిరా అది, గింజల్లేని ఇసుర్రాయి తిప్పినట్టు!" అనెను. ఎవ్వరును పట్టించుకొనలేదు. పెడలు అడుగంట త్రొక్కియున్నప్పుడు ఆ మీట వేసినచో చప్పుడు రాకూడదు. వచ్చినదనగా పెడలు త్రొక్కినను బిళ్ల విడివడుట లేదని యర్థము. తిరుగుచున్న పండ్లచక్రమును నిలిచియున్న పండ్లచక్రముతో కలుపుచున్నామని యర్థము. ఆ సంగతి మాలో ఎవ్వరికిని అప్పుడు తెలియదు. చెవి మాత్రము మా అత్తమ్మదే సరియైనది.

పుష్యమాసము. కంది కోసి, మోపులు కట్టి, ఎండబెట్టి, కళ్లమునకు చేర్చిరి. నూర్పిడి యంత్రమును ట్రాక్టరునకు తగిలించిరి. షాఫ్టుపై ఉండవలసిన ప్లాస్టిక్ తొడుగు ఏనాడో విరిగిపోయినది. దానిని మరల కొనినవారు లేరు. గింజ మట్టిలో పడకుండ యంత్రము ప్రక్క నేలపై నా పాత నూలుచీర నొకటి పఱచితిమి. ఇది మన యిండ్ల వాడుకయే కదా. నా తోడికోడలు ఆ చీర యంచును పట్టుకొని కూర్చుండి గింజను నడుమకు త్రోయుచుండెను. దాహమై నీళ్లబిందె కొఱకు లేచెను. లేచి నాలుగు అడుగులు వేసినదో లేదో, గాలి వీచి చీరచెఱగు లేచి షాఫ్టునకు తగిలినది.

నేను చూచుచునే యున్నాను. చీర నేలమీదనుండి పాము వలె లేచిపోయినది. గింజలు నలుదిక్కుల చిమ్మినవి. మా మఱిది పెడలు అడుగంట త్రొక్కెను. ఇరుసు ఆగలేదు. మఱల త్రొక్కెను. ఆగలేదు. పిదప అతడు ఇంజనును నిలుపు మీటను లాగెను. ఇదంతయు జరిగినది నాలుగైదు సెకనులలో. అప్పటికి చీర యంతయు షాఫ్టు చుట్టు చుట్టుకొని, త్రాడు వలె బిగిసి, దానిని కొడవలితో కోసి తీయవలసి వచ్చినది. నా తోడికోడలు బిందె చేతబట్టుకొని నిలుచుండి, "అక్కా, ఆ కొంగు నేను ఇప్పుడే ఇడిసిన" అనెను. తరువాత సాయంకాలము వఱకు ఆమె మాటాడలేదు.

ఆ రాత్రి మాలో వాదము జరిగినది. కళ్లమున ఇంకను సగము మోపులున్నవి. ఆకాశమున మబ్బు తోచుచున్నది. "వదినా, గుంజుతున్నది గదా. పంట అయినంక చూద్దాం" అని మా మఱిది. అద్దె యంత్రమును తెప్పింపవచ్చునని మావారు. దానికగు వెల ఎంతయని అత్తమ్మ. సత్యమేమనగా మా మఱిది వాదము అవివేకపు వాదము కాదు. తడిసిన కంది ధర యేమగునో కర్షకుని యింట పుట్టినవారికి తెలియును. నేను ఒక్కటే అడిగితిని: రేపు ఆ షాఫ్టు ప్రక్క ఎవరు కూర్చుండవలెను? కూలికి వచ్చు స్త్రీలనా, మనమా? దానికి ఎవ్వరును బదులు చెప్పలేదు. మఱునాడు మోపులపై టార్పాలిన్ కప్పి, బండిని తాండూరు పట్టణమునకు తోలించితిమి.

అచట వృద్ధ మెకానికు ఒకరు కలరు. ఊరివారందఱు చాచా అందురు. నేనును అట్లే పిలిచితిని. షాపు ముందు నీలపుఱాతి పలకలు పఱచి, వాటిపై పనిముట్లను మన పోపులపెట్టె వలె వరుసగా అమర్చియుంచును. ఆయన ఇంజను నడిపించి, పెడలు త్రొక్కి, వెనుకకు వచ్చి దూరమునుండియే ఇరుసును చూచి, ఇంజను నాపి నాతో ఇట్లనెను: "అమ్మా, మీ బండికి రెండు రోగాలున్నయి. ఒకటి గుంజుతలేదు. రెండోది ఆగుతలేదు. గుంజకపోతే పైసలు పోతయి. ఆగకపోతే మనిషి పోతడు. ముందుగాల వచ్చినాయన మొదటిదానికి మందిచ్చి రెండోది తెచ్చిండు."

వివరము ఇది. పెడలునకును పి.టి.ఓ. బిళ్లను విడదీయు పళ్లెమునకును నడుమ మీటలు, బోల్టులు ఉండును. వాటి నడుమ సన్నని సందు, కొలత ప్రకారము, ఉండవలెను. పట్టీ అరిగినకొలది ఆ సందు తఱుగును. తఱిగి లేకపోయినప్పుడు పెడలు త్రొక్కకయే పళ్లెము కొంత వెనుకకు లాగబడి బిళ్ల జారును. ఆ మెకానికు బోల్టులను వదులు చేసి సందును మిక్కిలి పెంచెను. స్ప్రింగుల బలమంతయు బిళ్లపై పడినది గాన కొంతకాలము బాగుగ లాగినది. కాని సందు అంత పెరిగిన పిమ్మట పెడలు నేలకు తాకినను మీటలు పళ్లెమును చేరవు. ఇరుసు ఆగుటకు దారియే లేదు. అరిగిన పట్టీకి బోల్టు త్రిప్పుట చికిత్స కాదు.

క్లచ్చును చూడవలెనన్న ట్రాక్టరును రెండు ముక్కలు చేయవలెను. ఈ మాట విని నేను తొలుత నమ్మలేదు. నమ్మనివారు చూడవలసినదే. బ్యాటరీ తీగ విప్పిరి. నూనెగొట్టములు, స్టీరింగు కడ్డీలు, తీగలు ఒక్కొక్కటిగా వేఱుపఱచిరి. తరువాత ముందు యిరుసుకును దాని పైనున్న చట్రమునకును నడుమ ఇరుప్రక్కల కఱ్ఱచీలలు గట్టిగా దిగగొట్టిరి. ముందు యిరుసు ఉయ్యాల వలె అటునిటు ఊగునట్టిది. చీలలు లేనిచో బండి విడిపోయిన క్షణమున ఇంజను ప్రక్కకు ఒరిగి మనుష్యునిపై పడును. గేరుబాక్సు క్రింద జాకీయు, దిమ్మలును. వెనుక చక్రములకు అడ్డు. ఆ పిమ్మట చుట్టునున్న బోల్టులు తీసి ముందు సగమును చక్రముల మీద మెల్లగా ముందుకు దొర్లించిరి. ఏండ్ల తరబడి చీకటిలో నున్న పొట్ట తెఱచుకొన్నది.

నల్లని ధూళి, నూనెజిడ్డు. చాచా పనివాడు గాలిగొట్టముతో ఊదబోగా చాచా అతని చేయి పట్టుకొని ఆపి, తడిగుడ్డతో తుడువుమనెను. పాత క్లచ్చు పట్టీలలో ఆస్బెస్టాసు, అనగా రాతినార, ఉండవచ్చును. దాని సన్నని పోగులు ఊపిరితిత్తులలో చేరినచో ఏండ్ల పిమ్మట క్యాన్సరును కలిగించును. ఇది మగవారి సంగతి యనుకొనకుడు. 1965లో లండనులో ప్రకటింపబడిన పరిశోధనలో, ఆస్బెస్టాసు పనివారి యిండ్లలో ఉండి వారి బట్టలు ఉతికిన స్త్రీలకును ఆ వ్యాధి సోకినట్లు కనుగొనిరి. ఒక్క బండి క్లచ్చు ధూళి కర్మాగారపు ధూళితో సమానము కాదు, నిజమే. అయినను ఆనాడు మా మఱిది తొడిగిన చొక్కాను దులుపనీయక, వాకిటనే నీళ్లలో ముంచి, వేఱుగా ఉతికించితిని. చంటిబిడ్డల బట్టలతో కలుపలేదు.

పి.టి.ఓ. బిళ్ల పట్టీ రివిట్ల తలలవఱకు అరిగియున్నది. ఆ రివిట్లు ఇనుపపళ్లెమును వలయములు వలయములుగా గీసినవి. ఇంకను చూడగా ఒక ప్రక్క నల్లగా తడిసి మెఱయుచున్నది. ఇంజను వెనుక నుండు నూనె ముద్ర, ఆయిలు సీలు, కారుచున్నదట. చాచా ఆ తడిని వ్రేలితో తుడిచి నాకు చూపి, "ఇది మార్వకుంట ప్లేట్లు మారిస్తే నెల రోజులకు మళ్ల నా దగ్గరికే వస్తరు" అనెను. ఇది నాకు మిక్కిలి నచ్చినది. ఇంటి కప్పు కారుచుండగా చాప మార్చినవారిని మనము నవ్వుదుము గదా.

విప్పుటకు ముందే క్లచ్చు కవరునకును ఫ్లైవీలునకును ఎదురెదురుగా ఉలితో చిన్న గుర్తులు పెట్టిరి. మరల ఆ చోటనే కూర్చుండనిచో తిరుగునప్పుడు బరువు తప్పి అదరునట. బోల్టులను ఒకదాని తరువాత నొకటి గాక ఎదురెదురువి కొంచెము కొంచెముగా వదులుచేసిరి. లోపల స్ప్రింగులు అదిమియున్నవి. ఒక్కవైపు విప్పినచో కవరు వంకరపోవును. రెండు బిళ్లలును, ఆయిలు సీలును, పెడలు త్రొక్కినప్పుడు మీటలను నెట్టు బేరింగును క్రొత్తవి తెప్పించితిమి. గీతలు పడిన పళ్లెమును, ఫ్లైవీలు ముఖమును తాండూరులోనే లేతు మీద చదును చేయించిరి. వస్తువులకు 9,000 రూపాయలు పైబడినవి, పనికి 4,500. ఆ సొమ్ము ఎచటనుండి వచ్చినదో చెప్పను. మావారికి మాత్రము తెలియును.

మరల కూర్చుటయే కష్టము. రెండు బిళ్లల నడిమి రంధ్రములును ఒకే సూటిలో నిలువవలెను. అందులకు చాచా పాత గేరుబాక్సు ఇరుసు ముక్క నొకదానిని దాచియుంచినాడు. దానిని రంధ్రములలో దూర్చి, బిళ్లలు కదలకుండ కవరు బిగించి, పిదప దానిని లాగివేసిరి. గాడులకు గ్రీజు గోటికొనతో నంటినంతయే. ఎక్కువైనచో విసిరి పట్టీలకు తగులును. మీటల కొనలు మూడును ఒకే యెత్తున నున్నవా యని కొలబద్దతో చూచి సరిచేసిరి. ఒకటి ముందు, రెండు వెనుకగా నున్నచో బిళ్ల ఒరిగి విడివడును, సగము పట్టును. తరువాత బండి రెండు సగములను మెల్లగా దగ్గఱచేసిరి. ఇరుసు గాడులలో కూర్చుండనప్పుడు పనివాడు బోల్టులతో లాగి బిగింపబోయెను. చాచా వలదనెను. బలవంతము చేసినచో క్రొత్త బిళ్ల నడుము వంగునట. ఫ్లైవీలును చేతితో రవంత త్రిప్పగా దానంతటదియే లోపలికి జాఱినది. తుదకు పి.టి.ఓ. బోల్టుల సందును రేకుముక్కతో కొలిచి బిగించి, పెడలునకు వ్రేలెడు ఖాళీ కదలిక ఉంచిరి. ఈ కొలతలు బండిబండికి వేఱు. ఆ బండి పుస్తకమున నుండును. మా పుస్తకము మొదటి యజమాని యింటనే పోయినదట, చాచా తలలో నున్నది.

పరీక్ష నాకు ప్రత్యేకముగా చూపించుమని కోరితిని. వెనుక ఏ యంత్రమును తగిలింపక, ఎవ్వరును దగ్గఱ లేకుండ, ఇంజను నడిపి, పెడలు త్రొక్కి మీట వేసి, పెడలు వదలగా ఇరుసు తిరిగినది. మరల పెడలు సగము త్రొక్కగా తిరుగుచునే యున్నది. అడుగంట త్రొక్కగా రెండు మూడు సెకనులలో నిలిచినది. మీట వేయునప్పుడు చప్పుడు లేదు. అత్తమ్మ యుండిన బాగుండునని తోచినది.

ఒక్క సంగతి చాచా మఱిమఱి చెప్పెను. క్లచ్చు ఆపునది ఇంజను త్రోపును మాత్రమే. నూర్పిడి యంత్రమునకు బరువైన చక్రము కలదు. క్లచ్చు విడివడినను ఆ చక్రము తన వేగముతో తానే కొంతసేపు తిరుగును. కుమ్మరి కఱ్ఱ తీసిన పిమ్మట సారె ఆగునా? కావున ఇరుకుకొన్న కట్టెను లాగవలెనన్న, షాఫ్టును దాటవలెనన్న, ఇంజనును నిలిపి, చక్రమంతయు నిశ్చలమగువఱకు వేచియుండవలెను. దాటుట యనినచో నా యభిప్రాయము, ఎన్నడును దాటవలదు, చుట్టు తిరిగి పోవలెను.

ఈ ప్రమాదములు ఎంత విరివిగా జరిగినవో, 1983లో కేంద్రప్రభుత్వము ప్రమాదకర యంత్రముల నియంత్రణమునకు ప్రత్యేక చట్టమునే చేయవలసి వచ్చినది. అందు ముఖ్యముగా పేర్కొనబడినది నూర్పిడి యంత్రమే. కట్టెలందించు తొట్టి పొడవు 90 సెంటీమీటర్లకు తక్కువ కాకూడదనియు, అందు 45 సెంటీమీటర్లు పైకప్పు ఉండవలెననియు భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. చేయి పొడవు కంటె తొట్టి పొడవు ఎక్కువైనచో చేయి లోపలికి చేరదు గదా. మా యంత్రపు తొట్టిని కొలిచితిని. పొడవు సరిపోయినది, పైకప్పును ఎవరో విప్పివేసిరి. కట్టెలు త్వరగా పోవుననియట. రేకు కొని మరల బిగింపించితిని. షాఫ్టు తొడుగు క్రొత్తది తెప్పించితిమి. దానిని గొలుసుతో కట్టవలెను. కట్టనిచో అదియు షాఫ్టుతో పాటు తిరుగును, తొడుగు ఉండియు లేనట్లే.

మాఘమాసపు తొలిదినములలో మిగిలిన కంది నూర్చితిమి. మబ్బు వచ్చినది, వాన రాలేదు. అందఱమును కొంగును నడుమునకు బిగించి లోపల దోపి, పైన మగవారి పొడుగుచేతుల చొక్కా తొడిగి బొత్తాములు పెట్టుకొంటిమి. జడను ముడిచి రుమాలు కట్టితిమి. కూలికి వచ్చిన స్త్రీలు మొదట నవ్వి, పిదప వారును చొక్కాలు అడిగిరి. ఇంటనున్న పాతవన్నియు ఆనాడు పనికివచ్చినవి. నేలపై చీరకు బదులు టార్పాలిన్ పఱచి అంచులకు ఱాతిపలకలు పెట్టితిమి. తాండూరులో వాటికి కొఱత లేదు. ఇంజను నాపు మీటకు ఎఱ్ఱరంగు పూసి, ఇంటిలో పెద్దవారందఱిచేతను ఒక్కొక్కసారి లాగించితిని. అత్తమ్మయు లాగెను. మా మఱిది ఆటపట్టించెను గాని అడ్డుచెప్పలేదు.

ఇప్పుడు పని ఆరంభించు ప్రతి ఉదయమున నా తోడికోడలు తానే బండి యెక్కి పెడలు త్రొక్కి అంకెలు లెక్కించుచున్నది. మూడు అనులోపల ఇరుసు నిలిచినచో దిగివచ్చి షాఫ్టు తగిలింపుమనును. ఒకనాడు నాలుగు వఱకు పోయినది. అతడు ఎంత చెప్పినను వినక, పెడలు ఖాళీ సరిచేయువఱకు ఆమె బండి దిగలేదు.

కోసి తీసిన ఆ చీర ముక్కలు మసిగుడ్డలైనవి. వచ్చే మాసము, ఇంటనే కంది నానబెట్టి ఎఱ్ఱమన్ను పట్టించి పప్పు చేసికొను విధానమును వ్రాయుదును. తాండూరు ప్రాంతపు పద్ధతి వేఱుగా తెలిసిన సోదరీమణులు ఈలోపల నాకు వ్రాసిన కృతజ్ఞురాలను.